బండి ఎవరిది? బాకీ ఎవరిది?

మన్యంలో ఈరోజు పద్దెనిమిదేళ్లు దాటిన కుర్రవాడిని నీకేం కావాలని అడిగితే ముందు బండి అంటాడు, ఆ తర్వాతే ఉద్యోగం అంటాడు. అది విని పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. మాస్టార్లు నీతి చెబుతారు. ఫైనాన్స్ వాళ్లు మాత్రం సంత రోజున గొడుగు కింద బల్ల వేసుకుని, ఆధార్ జిరాక్సు, బ్యాంకు పుస్తకం, రెండు ఫొటోలు తెచ్చుకో తమ్ముడూ అంటారు. ఈ ముగ్గురిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఒక మనిషి తన రేపటి కష్టాన్ని ఈరోజే రాసి ఇచ్చేయవచ్చా? ఇస్తే ఎంతవరకు ఇవ్వవచ్చు? ఆ రాతలో తనతోపాటు ఇంకెవరెవరిని కట్టి ఇస్తున్నాడు? మోటారు సైకిల్ అప్పు చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఇచ్చిన మాట, బాకీ, స్వేచ్ఛ అనే పెద్ద మాటలన్నీ మన పిల్లలకు మొదటిసారి ఎదురయ్యేది ఆ కాగితం మీదే. అందుకే దీని గురించి కూర్చుని ఆలోచించాలి.

ముందు బండి వైపు నుంచి న్యాయంగా మాట్లాడదాం. మైదానంలో బండి సౌకర్యం. కొండ మీద అది కాళ్లకు బదులు. మన గూడేలు చాలావాటికి బస్సు రాదు. జీపు వస్తే సంత రోజునే వస్తుంది, అదీ టాపు మీద కూడా మనుషులు నిండాకే కదులుతుంది. గర్భిణిని డోలీలో మోసుకుని గెడ్డ దాటించిన వార్త ఇప్పటికీ ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. మిరియాల బస్తాను నెత్తిన పెట్టుకుని సంతకు నడిచినవాడు, ధర బాగోలేదని ఆ బస్తాతో వెనక్కి నడవలేడు. షావుకారు ఎంతంటే అంతకే ఇచ్చేస్తాడు. బండి ఉన్నవాడు ఈ సంత కాకపోతే ఆ సంత అనగలడు. కాదు అని చెప్పగల శక్తి అది. మన తాతలకు లేనిది అదే.

ఇంకొక మాట కూడా ఉంది. కుర్రవాడు బండి కోరుకునేది అవసరానికే కాదు, గౌరవానికి కూడా. చెప్పులు లేకుండా ఆఫీసుకు వెళ్తే బయట నిలబెట్టినవాళ్లు, బండి దిగి హెల్మెట్ చేత్తో పట్టుకుని వెళ్తే ఏం కావాలి అని అడుగుతారు. ఈ తేడా మనకు తెలుసు. అలాంటి గౌరవం ఖాళీ గౌరవమని బోధించడం తేలికే. బడికి బండి మీద వచ్చే మాస్టారు నడిచి వచ్చే పిల్లవాడికి ఆ బోధ చేస్తే మాత్రం అది చెవికి ఎక్కదు. కోరికను తప్పు పట్టి ప్రయోజనం లేదు. కోరిక ఏ దారిలో తీరుతోంది, ఆ దారికి ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదే చూడాలి.

అప్పు అన్న మాట వింటే మన పెద్దవాళ్లు ఎందుకు అంతగా ఉలిక్కిపడతారో యువకులు తెలుసుకోవాలి. మన ఏజెన్సీలో, ఆనుకుని ఉన్న కొరాపుట్ కొండల్లో గొత్తి అనే పద్ధతి ఉండేది. పెళ్లికో, దినానికో, విత్తనాలకో ఒకడు షావుకారు దగ్గర కొద్ది రూపాయలు తీసుకునేవాడు. దానికి బదులు అతని ఇంట పనికి కుదిరేవాడు. చేసిన పని వడ్డీకే చెల్లిపోయేది, అసలు అలాగే నిలిచి ఉండేది. తండ్రి ముసలివాడైతే ఆ పలుపు కొడుకు మెడకు వచ్చేది. పుట్టకముందు తీసుకున్న అప్పుకు పుట్టిన బిడ్డ బానిస అయ్యేవాడు.

దీనికి అడ్డుకట్ట వేయడానికి చాలా కాలం పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల కోసం వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. కొండజాతివారి అప్పు మీద ఏడాదికి నూటికి 24 రూపాయలు మించి వడ్డీ చెల్లదని, చక్రవడ్డీ కూడదని, కూడిన వడ్డీ అసలును మించరాదని అందులో ఉంది. 1940లో ఏజెన్సీలో రుణ బానిసత్వాన్ని అదుపు చేస్తూ ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఆ రకం బాకీలన్నిటినీ రద్దు చేసింది. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి సవరణ ఉన్నాయి. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి, మరొకరి పేర మార్చడానికి వీల్లేదు.

ఈ చట్టాలు సరిగా అమలయ్యాయా అన్నది వేరే చర్చ. వాటి వెనక ఉన్న న్యాయం మాత్రం మనం గుర్తుపెట్టుకోవలసినది. అప్పుకు హద్దు ఉండాలి. మనిషిని తాకట్టు పెట్టకూడదు. పుట్టని బిడ్డను తాకట్టు పెట్టకూడదు. భూమి మన చేతిలో ఉంది గానీ మన ఒక్కరిది కాదు కాబట్టి దాన్నీ తాకట్టు పెట్టకూడదు. ఇవి పుస్తకాల్లోంచి పుట్టిన నీతులు కావు. మన మనుషులు తరతరాలు నలిగి నేర్పిన పాఠాలు. గూడెం దగ్గర రోడ్డు పనికి మనవాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద రగిలిన కోపం 1922లో మొదలైన మన్యం పోరాటానికి ఒక కారణమని చరిత్ర చదివినవారందరికీ తెలుసు. ఈరోజు మన పిల్లలు బండి ఎక్కించే ఘాట్ రోడ్ల కింద ఆ చెమట ఉంది.

మరి ఈనాటి కాగితం ఆ పాత కాగితం లాంటిదేనా? కాదు. ఈరోజు ఎవరూ మన కుర్రవాడిని పలుపుతో కట్టడం లేదు. తనే వెళ్లి సంతకం చేస్తున్నాడు. అప్పు తీరాక ఎవరి దారి వారిది. కానీ ఇష్టపడి పెట్టిన సంతకం అంటే ఏమిటో కాస్త ఆగి చూడాలి. తెలిసి ఒప్పుకున్నదే ఒప్పుదల. ఇంట్లో కువినో, కొండ భాషనో, ఆదివాసీ ఒడియానో మాట్లాడుకునే పిల్లవాడు, ఇంగ్లీషులో ఉన్న పదిహేను పేజీల మీద వేలు చూపించిన చోటల్లా సంతకం చేస్తే, అతను ఒప్పుకున్నది బండి రంగుకే. షరతులకు కాదు.

లెక్క చూద్దాం. ఏడో తరగతిలో మేము చెప్పే బారువడ్డీ లెక్క ఇక్కడ సరిపోతుంది. బండి రోడ్డు మీదకు రావడానికి లక్ష రూపాయలు అవుతుంది అనుకుందాం. 25,000 చేతిలోంచి కట్టి, 75,000 అప్పు చేశాడు. ఏడాదికి 12 శాతమే అన్నారు. నూటికి రూపాయి వడ్డీ, చవకే కదా అనిపిస్తుంది. మూడేళ్లకు వడ్డీ 27,000. మొత్తం 1,02,000. దాన్ని 36 నెలలకు పంచితే నెలకు 2,833 రూపాయలు. ఇంతవరకు అందరూ చేస్తారు. మెలిక తర్వాత ఉంది. ప్రతి నెలా అసలు కొంత తీరుతూనే ఉంటుంది. నెలకు 2,083 చొప్పున తీరితే చివరి నెలకు మిగిలిన అసలు 2,083 రూపాయలే. కానీ ఆ నెల కూడా అతను కడుతున్న వడ్డీ 750. అంటే తీర్చేసిన డబ్బు మీద కూడా వడ్డీ కడుతూనే ఉన్నాడు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మిగిలిన అసలు మీద మాత్రమే వడ్డీ వేసే పద్ధతిలో ఇదే కిస్తీని లెక్కగడితే రేటు 12 కాదు, సుమారు 21 శాతం. 1917లో షావుకారుకు గీసిన గీత 24 అని గుర్తుంచుకుంటే ఈ 21 ఎక్కడ నిలబడి ఉందో తెలుస్తుంది. ఇక ప్రాసెసింగ్ ఫీజు, ఖాతాలో డబ్బు లేక కిస్తీ తప్పితే పడే జరిమానాలు వేరే.

అందరూ ఇలాగే ఇస్తారని కాదు. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే బ్యాంకులూ ఉన్నాయి. అడగడం మన పని. చెప్పడం వాళ్ల బాధ్యత. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ అసలు రేటు, ఫీజులు, మొత్తం కట్టవలసిన సొమ్ము ఒక్కచోట చూపించే కీలక వివరాల పత్రాన్ని అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం చూపించండి అని అడగగలిగిన కుర్రవాడు ఆ బల్ల ముందు చేయి చాచినవాడు కాదు, సమానుడు.

లెక్కను మించిన సంగతి ఇంకొకటి ఉంది. కిస్తీ నెలనెలా వస్తుంది. మన డబ్బు నెలనెలా రాదు. కాఫీ పండ్లు చలికాలంలో కోస్తాం. పసుపు ఆ తర్వాత తవ్వుతాం. చింతపండు ఎండల్లో రాలుతుంది. వానలు మొదలయ్యాక దసరా దాకా చేతిలో రూపాయి ఆడదు. 36 కిస్తీలు అంటే మూడంటే మూడు కాఫీ కోతలు. అందులో ఒక ఏడాది పూత సమయానికి వాన పడకపోతే రెండే. జీతగాడి జీవితాన్ని చూసి తయారుచేసిన కాగితం మీద పోడు, కాఫీ మీద బతికేవాడు సంతకం చేస్తున్నాడు. ఆగస్టులో కిస్తీ తప్పితే కుర్రవాడు మోసగాడని రికార్డులోకి ఎక్కుతుంది. నిజానికి అతని కేలండరు వేరు, కాగితం కేలండరు వేరు.

మనకు కొత్తల పండుగలు ఉన్నాయి. సామ గానీ, కొర్ర గానీ, కంది గానీ, కొత్త పంటను దేవతకు, పెద్దలకు పెట్టకుండా నోట పెట్టుకోం. ఆకలి ఉన్నా ఆగుతాం. దీన్ని మూఢనమ్మకం అనేవారు ఉంటారు. మేము దీన్ని ఒక నీతిగా చూస్తాం. పంట పూర్తిగా పండాలి, అందరికీ అందాలి, మనకంటే ముందున్నవారిని తలచుకోవాలి, అప్పుడు తినాలి. అప్పు దీనికి సరిగ్గా ఎదురు. పండని పంటను ఈరోజే తినేయడం అది. అలాగని పండని పంటను తినడం ఎప్పుడూ తప్పేనా? బిడ్డ ప్రాణం మీదకు వస్తే పచ్చి కంకి అయినా కోస్తాం. విత్తనం కోసం అప్పు తెస్తాం, ఎందుకంటే అది తిరిగి మొలుస్తుంది. మరి బండి విత్తనమా, తిండా? సంతకు సరుకు మోసే బండి, కూలికి దూరం తీసుకెళ్లే బండి, ఆశా కార్యకర్తను ఊరూరా తిప్పే బండి విత్తనం. ఉన్న బండిని ఇచ్చేసి మోదకొండమ్మ జాతరకు ఇంకా పెద్ద బండి తేవడం తిండి. అదే షోరూము, అదే కాగితం, అదే వడ్డీ. తేడా వాడకంలో ఉంది. ఆ తేడా చెప్పగలిగేది కొనేవాడి మనసే.

ఇక ఆ సంతకంతో ఇంకెవరు కట్టుబడుతున్నారో చూద్దాం. మొదట అమ్మ. చాలా ఇళ్లలో బండికి మొదట కట్టే డబ్బు డ్వాక్రా నుంచి వస్తోంది. పసుపు సాగుకని, మేకలకని సంఘంలో తీసుకున్న సొమ్ము షోరూముకు వెళుతోంది. ఆ అప్పు అమ్మ ఒక్కదానిదే కాదు. ఆమె కట్టకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్లకు వచ్చే అప్పు ఆగిపోతుంది. అంటే కుర్రవాడి బండి వెనక సీటు మీద కనిపించకుండా పదిమంది అక్కలు, పిన్నులు కూర్చుని ఉన్నారు. వాళ్లను ఎవరైనా అడిగారా? వాళ్లకు తెలిసి ఒప్పుకుంటే అది సాయం. తెలియకుండా జరిగితే, ఎంత మంచి బండి అయినా, అది మోసం కిందే లెక్క.

తర్వాత జామీను సంతకం చేసేవాడు. ఇక్కడ ఉపాధ్యాయులుగా మా మాట సూటిగా చెప్పాలి. గూడెంలో నెలనెలా జీతం వచ్చేది మాకే. అందుకే బావమరిది దగ్గర నుంచి పాత విద్యార్థి దాకా అందరూ, మాస్టారూ, ఒక్క సంతకం అని వస్తారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడి బాధ్యత అంత. సాక్షి సంతకం కాదు అది, సగం సంతకం కూడా కాదు. కాబట్టి మొహమాటానికి పెట్టే సంతకం ఆ కుర్రవాడికీ, మన ఇంట్లో బిడ్డలకూ ఇద్దరికీ అన్యాయం. కాదనడం కూడా ఒక సంబంధమే. కాదని, పక్కన కూర్చుని లెక్క చేసి చూపిస్తే ఆ కాదు అనే మాట ముఖం మీద తలుపు వేసినట్టు ఉండదు. అవునంటే మాత్రం, ఆ డబ్బు మనమే కట్టవలసి వచ్చినా అతని ముఖం చూసి పలకరించగలమా అని ముందే మనల్ని మనం అడగాలి.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. జామీను కట్టినవాడు ఆ తర్వాత ఆ కుర్రవాడిని తన మనిషి అనుకోవడం మొదలుపెడతాడు. మా పొలంలో రెండు రోజులు రా, ఓటు మేం చెప్పినవాడికి వెయ్యి, మా మాటకు ఎదురు చెప్పకు. డబ్బు రూపంలో తీరని బాకీ మనిషి రూపంలో తీరడం అలా మొదలవుతుంది. గొత్తి కూడా అలాగే మొదలైంది. షావుకారు మైదానం నుంచే రానక్కర్లేదు. మన గూడెంలో, మన కులంలో, మన జీతంలో కూడా పుట్టగలడు. సాయం చేసినవాడు సాయాన్ని మరిచిపోవడం, పొందినవాడు గుర్తుంచుకోవడం మన పెద్దల మర్యాద. అది తలకిందులైతే సాయం కాస్తా సంకెల అవుతుంది.

కొందరు యువకులు ఇంకో వాదన చేస్తారు. వందేళ్లుగా మనల్ని దోచుకున్నారు, కంపెనీకి కోట్లున్నాయి, మనం నాలుగు కిస్తీలు ఎగ్గొడితే పాపమా? ఈ మాటలో ఉన్న కోపం న్యాయమైనదే. కానీ కోపం న్యాయమైనంత మాత్రాన చేసే పని న్యాయం కాదు. ఎగ్గొడితే దెబ్బ తగిలేది కోట్లున్నవాడికి కాదు. ముందు జామీను ఉన్నవాడికి, తర్వాత అదే గూడెం నుంచి రేపు అప్పు అడిగే పిల్లకు. ఆమె చదువుకో, టైలరింగ్ మిషనుకో వెళ్తే ఆ ఊరు పేరు వినగానే వద్దంటారు. బండి లాక్కుపోయి వేలం వేసినా, వచ్చిన సొమ్ము చాలకపోతే మిగతా బాకీ మన పేరునే ఉంటుంది. అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. మనం రాత లేని కాలం నుంచి మాట మీద బతికిన జాతి. చేబదులు తీసుకున్న కుంచెడు వడ్లకు కాగితం ఉండేది కాదు. ఈ ఇంటి కప్పు వేయడానికి ఆ ఇంటివాళ్లు వస్తే, ఆ ఇంటి కప్పుకు వీళ్లు వెళ్లేవారు. ఆ మాట విలువను కంపెనీ మీద కోపంతో మనమే పారేసుకుంటే, నష్టపోయేది కంపెనీ కాదు.

మాట నిలబెట్టుకోవడం అంటే బెదిరింపుకు లొంగడం కాదు. వసూలుకు వచ్చినవాడు అర్ధరాత్రి ఇంటి ముందు అరవడం, ఆడవాళ్లను తిట్టడం, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం నిబంధనలకు విరుద్ధం. దానిపై ఫిర్యాదు చేయవచ్చు, చేయాలి. బాకీ పడ్డవాడు డబ్బు బాకీ పడ్డాడు, తల వంచడం బాకీ పడలేదు. కిస్తీ కట్టలేని నెల ముందుగా వెళ్లి గడువు అడగడం, దాక్కోకుండా ఉండడం, కాఫీ డబ్బు చేతికొచ్చిన రోజునే వానాకాలం కిస్తీల సొమ్ము పక్కన పెట్టడం, ఇవి చేసినవాడు తల ఎత్తుకునే నడుస్తాడు.

చివరిగా బండి ఎవరిదన్న ప్రశ్న. బాకీ తీరేదాకా ఆర్సీలో ఫైనాన్స్ వారి పేరు ఉంటుంది. బాకీ తీరాక వారి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఆ పేరు తీయించుకోవాలి. చాలామంది ఇది మరిచిపోతారు. కానీ కాగితం మీద ఎవరిదైనా, గూడెంలో బండి ఒక్కడిది కాదు. రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరి తలుపు తడతారు? బండి ఉన్నవాడిదే. అతను కాదనడు, కాదనకూడదు కూడా. ఇది మన బలం. అయితే కష్టం అతని ఒక్కడికే వదిలేయడం మన బలహీనత. కిస్తీ అతనే కట్టాలి, లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలు అతనే పోయించాలి, పంక్చరు అతనే వేయించాలి, బండి మాత్రం అందరిదీ అంటే అది పంచుకోవడం కాదు. అడిగినవాళ్లు పెట్రోలు డబ్బు చేతిలో పెట్టడం, లైసెన్సు లేని పిల్లలకు తాళం ఇమ్మని వేధించకపోవడం మన వంతు మర్యాద. నలుగురు కలిసి ఒక బండి కొనుక్కుని వంతుల వారీగా వాడుకునే ఆలోచన కూడా చేయవచ్చు. నాగలి ఎద్దులను పంచుకున్న మనకు అది కొత్త కాదు.

ఉపాధ్యాయులు బడిలో చేయగలిగిన పని ఒకటుంది. బారువడ్డీ పాఠంలో రాము, సోము అప్పులు లెక్కగట్టించడం ఆపి, నిజమైన బండి కాగితం ఒకటి తెచ్చి పిల్లల ముందు పెట్టండి. ఏది అసలు, ఏది వడ్డీ, ఏది ఫీజు, ఎవరి సంతకం ఎక్కడ అని వాళ్ల చేతనే, వాళ్ల భాషలోనే చెప్పించండి. మూడు కాఫీ కోతల్లోంచి 36 కిస్తీలు ఎలా వస్తాయో వాళ్లనే లెక్కగట్టమనండి. పదో తరగతి దాటి వెళ్లే పిల్ల ఆ కాగితం చదవగలిగితే మనం చెప్పిన చదువు ఆమె చేతికి వచ్చినట్టే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండి కొనుక్కోండి. మీకు ఆ హక్కు ఉంది. కొనేముందు ఆ కాగితం మీద మీ పేరుతోపాటు కనిపించకుండా ఉన్న పేర్లన్నీ చదవండి. అమ్మ పేరు, సంఘంలో అక్కల పేర్లు, జామీను పెట్టినవాడి పేరు, రేపు మీతో బతకబోయే మనిషి పేరు. వాళ్లందరికీ చెప్పి, వాళ్లు సరేనన్నాక సంతకం చేయండి. అప్పుడు ఆ అప్పు మీరు మోయగలిగిన బరువే అవుతుంది.